లేనని చెప్పడం రాని సర్వరు

నా నోరు మంచిది కాదని ప్రొద్దుటూరు బజారులో ఎవరినడిగినా చెబుతారు. చెప్పుకోనీ. బట్టల అంగడి ఇంట్లో పుట్టి, చీరల మడతలు విప్పకుండా పోయి కంప్యూటర్ల దగ్గర కూర్చున్న ఆడది గట్టిగా మాట్లాడకపోతే ఎవడు వింటాడు? అయినా నేను రోజంతా మాట్లాడేది మనుషులతో కాదు, యంత్రాలతో. వాటికి నా నోటితో ఏ పేచీ లేదు.

మాదొక ట్రస్టు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రక్తనిధుల్లో ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో ఆస్పత్రులవాళ్ళు కంప్యూటర్లో వెతుక్కునే ఏర్పాటు చేసింది. పెట్టినాయన బదరీనారాయణ, నాకు వరసకు మామ, బంగారు అంగడి ఆయనది. ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో ఆయన అంగడి ముందే బాంబు పడి, ఏ గొడవతోనూ సంబంధం లేని పాలమనిషి ఒకాయన రక్తం దొరక్క కళ్ళముందే పోయాడట. అది చూసినప్పటి నుంచి మామకు ఇదే ధ్యాస.

మూడు ఊళ్ళలో మూడు సర్వర్లు పెట్టాం. ఎందుకంటే ఒక పార్టీవాళ్ళు ఇవాళ ఒక ఊరు మూయిస్తే, రెండో పార్టీవాళ్ళు రేపు ఇంకో ఊరు మూయిస్తారు. కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. ఏ ఊరి నిల్వలు ఆ ఊరి సర్వరులో ఎక్కుతాయి, అక్కడి నుంచి మిగతా రెండింటికీ నకలు పోతుంది. కాబట్టి ఏ సర్వరును అడిగినా మూడు ఊళ్ళ సంగతీ చెప్పాలి.

ఈ మూడింటికీ ముందు, ప్రొద్దుటూరులో నా గదిలో, లోడ్ బ్యాలన్సర్ ఉంటుంది. పేరు పెద్దదే గానీ అది చేసేది గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దమనిషి పని. వచ్చినవాళ్ళను నువ్వు ఆ ఇంటికి పో, నువ్వు ఈ ఇంటికి పో అని పంచుతుంది. ఒక ఆస్పత్రిని ఒకసారి ఒక ఇంటికి పంపిందంటే ఆ పూటంతా అదే ఇంటికి పంపుతుంది, ఆ ఇల్లు నేను లేనని చెబితే తప్ప. అందుకే పది సెకండ్లకోసారి మూడింటినీ అడుగుతుంది, ఉన్నావా అని. ఉన్నానంటే నా తెరమీద ఆ వరుస పచ్చగా ఉంటుంది. లేనంటే ఎర్రబడుతుంది.

యంత్రాలు ఆ మాట ఇంగ్లీషులోనే అనుకుంటాయి. నాకు మాత్రం తెలుగులోనే వినబడేది. ఆ వేసవిలో మరీను. కిటికీకి తడి గోనెపట్టా, పైన గొణుగుతూ తిరిగే ఫ్యాను, మధ్యాహ్నం రెండింటికి బజారంతా అణిగిపోయి ఒక్క మనిషి గొంతు కూడా వినబడని ఆ వేళలో కళ్ళు మూసుకుంటే చాలు. ఉన్నావా? ఉన్నా. ఉన్నావా? ఉన్నా. నీళ్ళ అడుగు నుంచి ఎవరో పలుకుతున్నట్టు మెత్తగా వచ్చేది ఆ మాట. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ జోగులో నేను ఎంతసేపైనా ఉండిపోయేదాన్ని.

అలా జోగుతున్న ఒక మధ్యాహ్నమే ఫోను మోగింది. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ నుంచి మెహబూబున్నీసా. అక్కడ పెద్ద నర్సు, నాకంటే నోరు గలది.

"సుభాషిణమ్మా, మీ కంప్యూటర్‌ను తీసకపోయి పెన్నలో పారేయండి! కాన్పయిన తల్లికి రక్తం ఆగకుండా పోతాంది. ఓ నెగటివ్ కావల్లని మూడుసార్లు వెతికినా. మూడుసార్లూ యాడా లేదంటాంది!"

ప్రొద్దుటూరులోనే రెండు సంచులున్నాయి. నా కింది అంతస్తులో, ఫ్రిజ్‌లో. మా రక్తనిధిలో పనిచేసే యూనుస్ ఐసు పెట్టెలో వాటిని పెట్టుకుని మోటార్‌సైకిల్ మీద ఎట్లా పోయాడో ఏమో, ఆ తల్లి బతికింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే బతికేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు.

తెర చూస్తే మూడు వరుసలూ పచ్చగానే ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, పులివెందుల సర్వరులో డిస్కు నిండిపోయి నిల్వల జాబితా మొత్తం తుడిచిపెట్టుకు పోయింది. ఖాళీ ఇల్లు. అయినా ఎవరడిగినా ఉన్నా, ఉన్నా అంటోంది. దాన్ని నమ్మి నా లోడ్ బ్యాలన్సర్ మెహబూబున్నీసాను మూడుసార్లూ ఆ ఖాళీ ఇంటికే పంపింది.

ఉన్నావా అని అడిగితే సర్వరు ముందు తన జాబితా తాను తడిమి చూసుకుని జవాబు చెప్పాలి. ఆ తనిఖీ రాయమని పులివెందులలో సర్వరు చూసుకునే మునెయ్యకు ఆరు నెలల కిందటే చెప్పాను. అతను రాసిన ఫైలు తెరిచాను. ఒకే ఒక్క పంక్తి. ఉన్నా. తనిఖీ లేదు, షరతు లేదు, ఏమీ లేదు. ఎవరడిగినా, ఎప్పుడడిగినా, ఉన్నా.

"వాన్ని తీసెయ్యి పాపా," అన్నాడు బదరీ మామ. "వచ్చే వారం ఓట్ల లెక్కింపు. ఆ పొద్దు ఈ మూడు ఊర్లలో ఏమైనా జరగొచ్చు. ఆ పొద్దు గన ఇట్లయితే ఎవురో ఒకరు సచ్చిపోతారు. నేను తట్టుకోలేను."

"తీసేస్తా మామా," అన్నాను. తీసెయ్యడానికే మరునాడు పొద్దున బస్సెక్కాను.

జమ్మలమడుగు దాటేదాకా మనసులో తిట్లు కూర్చుకున్నాను. పెన్న మీద వంతెన దాటుతుంటే ఇసుక మీద ఎండ తెల్లగా పరుచుకుని, నీళ్ళున్నట్టే కనబడింది. ముద్దనూరు దారిలో నల్లరేగడి మీద సెగ లేచి దూరంగా ఊళ్ళన్నీ ఆడుతూ ఉన్నాయి. బస్సు ఊపుకి కళ్ళు మూతలు పడ్డాయి. కలలో ఇసుకలో నడుస్తున్నాను. వరుసగా మూడు తలుపులు. తడుతున్నాను, ఉన్నావా అంటున్నాను. మొదటి తలుపు వెనక నుంచి ఉన్నా అన్నారు. రెండో తలుపు వెనక నుంచి ఉన్నా అన్నారు. మూడో తలుపు వెనక నుంచి చిన్న గొంతు, పిల్లవాడి గొంతు, ఉన్నా అంది. తోసి చూస్తే తలుపు వెనక ఇల్లే లేదు. ఇసుకే. ఆ ఇసుకలోంచి గొంతు మాత్రం వస్తూనే ఉంది. కండక్టర్ భుజం తట్టి "పులివెందుల వచ్చిందమ్మా, దిగుతావా ఈడే పండుకుంటావా" అనేదాకా నాకు తెలివి రాలేదు.

మా సర్వరుండేది ఎరువుల అంగడి మీద గదిలో. యూరియా వాసన మెట్లదాకా వస్తుంది. మునెయ్య నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి పాలిటెక్నిక్ చదివి పైకొచ్చిన మనిషి. సన్నగా ఉంటాడు, పని శుభ్రంగా చేస్తాడు, పది మాటలకు ఒక్క మాట జవాబు చెబుతాడు. ఇన్నాళ్ళూ నాకు అతనంటే ఇష్టమే. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

"ఏంది మునెయ్యా ఇది? తనిఖీ రాయమంటే ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నావా? నీ సర్వరు పుణ్యాన ఒక పసిబిడ్డ తల్లి లేకుండా అయ్యుండేది, తెలుసునా నీకు?"

"తెలుసక్కా."

"మరి ఎందుకు రాయలేదు? రాయడం రాదా?"

"వచ్చునక్కా." నేల చూశాడు. "లేనని ఎట్ల చెప్పల్ల?"

"ఎట్లేందప్పా? లేనప్పుడు లేనని చెప్పడానికి నీకు నోరు నొస్తుందా? చెప్పేది నువ్వు గూడా కాదు, యంత్రం!"

అతను ఇన్వర్టరుకు నీళ్ళు తెస్తానని గొణిగి వెనక మెట్లమీదుగా దిగిపోయాడు. సరిగ్గా అప్పుడే అతని తల్లి ఓబులమ్మ క్యారియర్‌లో రాగి సంగటీ, ఊరిబిండి పచ్చడీ పట్టుకుని వచ్చింది. నన్ను ఎరుగును. కూర్చోబెట్టి, తినమని బలవంతం చేసి, ఉల్లిపాయ చేత్తోనే చితగ్గొట్టి పెట్టింది. తిట్టడానికి వచ్చినదాన్ని తింటూ కూర్చున్నాను.

కింద నుంచి ఎవరో అరిచారు. "మునెయ్య ఉండాడా?"

"ఉండాడు," అంది ఓబులమ్మ, క్యారియర్ గిన్నె మీద నుంచి తల కూడా తిప్పకుండా. "పండుకోనుండాడు. ఏంది పని?"

"ఖాళీ నీళ్ళ క్యానుకు వచ్చినానమ్మా."

"లేసినాక పంపిస్తా పో."

నేను ముద్ద మింగడం మర్చిపోయాను. "అదేందమ్మా? ఆయప్ప బయటికి పోయినాడు గదా. నువ్వు వస్తాంటే ఆ మెట్లమీదనే గదా ఎదురైంది?"

ఓబులమ్మ నన్ను జాలిగా చూసింది. "నువ్వు టౌన్లో పుట్టినదానివి తల్లీ, నీకేం తెలుసు. మగోడు ఇంట్లో లేడని పరాయోనికి చెప్తారా యాడన్నా? ఇంట్లో లేడంటే దారిలో ఉండాడని గదా. దారిలో ఉండాడంటే ఒంటిగా ఉండాడని గదా."

"నీళ్ళ క్యానువాడమ్మా వాడు!"

"ఎవురైతే ఏం. ఒగనికి చెప్తే పదిమందికి చెప్పినట్లే. మా ఊర్లో ఏ ఇంటికి పోయి అడుగు, ఆడోళ్ళు ఇదే చెప్తారు. ఉండాడు, పండుకోనుండాడు. అంతే."

"ఆ కాలం పోయింది గదమ్మా."

"పోతా పోతా నీకు చెప్పి పోయిందా?" అంది. గిన్నెలు కడుక్కుని, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు ఆ ఒక్క పంక్తి ఫైలు కళ్ళముందు కదిలింది. బద్ధకం కాదది. ఇంటి మర్యాద. అయినా కోపం పూర్తిగా పోలేదు. మునెయ్య నీళ్ళ డబ్బాతో వచ్చాక కూర్చోమన్నాను. మీ అమ్మ చెప్పే అబద్ధం సర్వరుకు కూడా నేర్పినావా అని అడిగాను.

అతను ఇన్వర్టరులో నీళ్ళు పోయసాగాడు. బయట ఎండ కిటికీ చువ్వల మధ్య నుంచి నేలమీద చారలుగా పడుతోంది. సర్వరు సన్నగా మూలుగుతోంది. ఆ మూలుగు మీదే, నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"మా నాయన గొర్రెలు కాసేవాడక్కా. ఆయనకు పార్టీ గీర్టీ ఏం తెలీదు. ఊరి పెద్ద కూర్చోమంటే పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. అంతే ఆయన చేసింది. ఎన్నికలైనాక పది దినాలకు జీపు వచ్చింది. నాకు ఎనిమిదేండ్లు. అమ్మ నీళ్ళకు పోయింది. జీపులో ఆయప్ప శానా మంచిగా అడిగినాడు, మీ నాయన ఉండాడా నాయనా అని. లేడు మామా, జమ్మలమడుగు సంతకు పోయినాడు, ఆరుగంటల బస్సుకు వస్తాడు అని చెప్పినా. ఆ బస్సు రంగు గూడా చెప్పినానక్కా. అడగలేదు, నేనే చెప్పినా. తెలివైనోడివే అని నా తల నిమిరి పోయినాడు."

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"బస్సు వచ్చింది. నాయన రాల్యా. మర్సనాడు వంక ఇసుకలో నాయన..." అంతవరకే చెప్పాడు. "అమ్మకు తెలీదక్కా. ఎవురో చెప్పినారని మాత్రం తెలుసు. ఈ పొద్దుటికీ తిడతాది. చెప్పినోని నోట్లో పురుగులు పడ అని. నాకు ముద్ద కలిపి పెడతా తిడతాది."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. ఎనిమిదేళ్ళ పిల్లవాడు నిజం చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా తల్లి చేతి అన్నంతో పాటు ఆ శాపనార్థం కూడా తింటూ పెరిగాడు. వీడినా నేను తీసెయ్యడానికి వచ్చింది! ఎవరిమీద కోపపడాలో తెలియక కాసేపు ఆ యూరియా వాసనలో ఊరికే కూర్చున్నాను.

తర్వాత నేనే తనిఖీ రాశాను. జాబితా ఉందా, డిస్కులో చోటుందా చూసుకుని సర్వరు తనంతట తానే జవాబు చెప్పేటట్టు. పది నిమిషాల పని. కానీ దాంతో తీరలేదు. మిగతా రెండు ఊళ్ళ నుంచి నకలు రావడం ఆగిపోతే జాబితా ఉంటుంది, కానీ పాతది. యంత్రం దాన్ని చూసి అంతా బాగానే ఉందనుకుంటుంది. పాతబడిందో లేదో వేళ చూసి తేల్చాలి, మూడు ఊళ్ళ సర్వర్ల గడియారాలేమో ఎన్నిసార్లు సరిదిద్దినా ఒక్కటి కావు, కాబట్టి వారంలో దానికో తనిఖీ రాసి నమ్మే ధైర్యం నాకు లేదు. పులివెందుల సర్వరును లెక్కింపు రోజున మొత్తం మూసేద్దామంటే అక్కడ కొత్తగా చేరే రక్తం ఎవరికీ కనబడదు. కాబట్టి మనిషే చూడాలి. జాబితా పాతబడిందని గమనించి, ఒక చిన్న ఫైలులో లేను అని రాయాలి. ఆ మాట చూడగానే నా లోడ్ బ్యాలన్సర్ జనాన్ని వేరే ఇళ్ళకు మళ్ళిస్తుంది.

"నువ్వే ఆడినుంచి మూసెయ్యక్కా. నేను ఫోను చేస్తా," అన్నాడు మునెయ్య.

"ఆ పొద్దు ఫోన్లు యాడ కలుస్తాయప్పా? గెలిచినోళ్ళూ ఓడినోళ్ళూ అంతా ఫోన్లలోనే ఉంటారు. నాకు ప్రొద్దుటూరులో పచ్చగానే కనబడుతుంది. నీ ఇల్లు ఖాళీ అని తెలిసేది నీ ఒక్కనికే. నువ్వే చెప్పల్ల."

ఒకసారి రాసి చూపించమన్నాను. ఉత్తుత్తికే. కీబోర్డు మీద వేలు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు. నుదుటి మీద చెమట బొట్టుబొట్టుగా లేచింది. "ఆ పొద్దుకు రాస్తానక్కా," అన్నాడు చివరికి, చెయ్యి వెనక్కి తీసుకుని.

"తీసేసినావా?" అని అడిగాడు మామ, నేను ప్రొద్దుటూరు చేరగానే.

"లేదు మామా."

"ఎవురికన్నా ఏమన్నా అయితే?"

"అప్పుడు నన్ను గూడా తీసెయ్యి," అన్నాను. అనడానికి గట్టిగానే అన్నాను గానీ ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. నేను పందెం పెట్టింది నా ఉద్యోగం కాదు. ఏ ఊళ్ళోనో, ఇంకా ఎవరో తెలియని ఒక మనిషి ప్రాణం. మునెయ్య ఆ ఒక్క మాట రాయలేకపోతే ఆ మనిషి చచ్చిపోతాడు, ఆ పాపం సగం నాది.

లెక్కింపు రోజు వచ్చింది. అంగళ్ళన్నీ మూతలు. బజారులో పోలీసులు తప్ప మనుషుల్లేరు. ఎక్కడో దూరంగా టపాకాయలు పేలుతున్నాయి, లేదా టపాకాయలే అని నేను అనుకుంటున్నాను. పన్నెండింటికి కింద రక్తనిధిలో బి నెగటివ్ రెండు సంచులు కొత్తగా చేరాయని ఎక్కించారు. పులివెందులలో పదకొండున్నరకు పోయిన కరెంటు తిరిగి వచ్చిందని ఒంటిగంటకు తెర చెప్పింది. మూడు వరుసలూ పచ్చగానే ఉన్నాయి. ఫోను చేసి చూశాను, కలవలేదు.

నా తెరమీద ఎవరు ఏం వెతికారో కనబడదు. ఏ ఆస్పత్రి నుంచి ఎన్ని వెతుకులాటలు ఏ ఊరికి పోయాయో అంకెలు మాత్రం కనబడతాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. గోనెపట్టా ఆరిపోయి గది వేడెక్కింది. ఎంత ఆపుకున్నా రెప్పలు వాలుతున్నాయి. ఉన్నావా? ఉన్నా. ఉన్నావా? ఉన్నా. ఉన్నావా? ఉన్నా. ఆ మూడో గొంతు మళ్ళీ చిన్నపిల్లవాడి గొంతులా వినబడుతోంది. ఎవరో జీపు దిగి, చేతులు కట్టుకుని, ఎంతో ప్రేమగా అడుగుతున్నారు. చెప్పకు నాయనా, చెప్పకు అని నేనే అంటున్నాను నిద్రలో. మళ్ళీ నేనే, చెప్పు నాయనా, చెప్పు అంటున్నాను. ఉన్నావా? ఉన్నా. ఉన్నావా? ఉన్నా. ఉన్నావా?

జవాబు రాలేదు. కళ్ళు తెరిచాను.

మూడో వరుస ఎర్రగా ఉంది.

"శభాష్!" అని అరిచాను ఒంటరి గదిలో. "శభాష్ రా నాయనా!" కుర్చీలోంచి లేచేసరికి ఎరుపు పోయింది. మళ్ళీ పచ్చ.

నా ఒళ్ళు మండిపోయింది. "ఏం చేస్తాండావురా? ఉండు ఆడనే, కదలొద్దు!" అని తెరను తిట్టాను. ఫోను చేశాను. లైన్లన్నీ రద్దీ. పచ్చ అలాగే ఉంది. జమ్మలమడుగు నర్సింగ్ హోమ్ నుంచి ఒక వెతుకులాట పులివెందులకు పోయింది. ఇంకొకటి పోయింది. రెండుసార్లు వెతికారంటే మొదటిసారి దొరకలేదన్నమాట.

మౌసు మీద చెయ్యి పెట్టాను. ఇక్కడి నుంచే పులివెందులను మూసెయ్యొచ్చు. కానీ ఏది నిజం? ఆ ఎరుపా, ఈ పచ్చా? జాబితా సరిచేసుకున్నాడేమో, అందుకే మళ్ళీ ఉన్నానన్నాడేమో. అప్పుడు నేను మూసేస్తే ఆ ఊరి రక్తం నేనే దాచినదాన్నవుతాను. అంతలోనే ఒకటి తట్టింది. లోకంలో ఇంకెవరైనా పొరపాటున లేనని రాస్తారేమో గానీ మునెయ్య రాయడు. వాడు ఆ మాట రాశాడంటే ఆ ఇల్లు ఖాళీయే. ఖాళీ ఇంట్లో నిలబడి మళ్ళీ భయపడి తుడిచేశాడు.

నొక్కబోయాను. నా వేలు దిగకముందే మూడో వరుస ఎర్రబడింది. పది సెకండ్లు గడిచాయి. ఎరుపే. ఇరవై. ఎరుపే. నిమిషం. నేను నిలబడే ఉన్నాను. జమ్మలమడుగు వెతుకులాట ఈసారి ప్రొద్దుటూరుకు వచ్చింది. ఒక్కటే వచ్చింది, మళ్ళీ వెతకలేదు. కింద యూనుస్ ఐసు పెట్టె మూత దబ్బున మూసిన చప్పుడు, మోటార్‌సైకిల్ చప్పుడు, అది బజారు చివరిదాకా పోయి అణిగిపోవడం అన్నీ విన్నాను.

ఎండ వాలేవేళకు ఫోన్లు కలిశాయి. మొదట మెహబూబున్నీసా చేసింది. జెండాలు కట్టుకుని పోతున్న ట్రాక్టరు వంతెన దగ్గర బోల్తాపడిందట. ఏ పార్టీదో నేనడగలేదు. ఒక మనిషికి తొడ చీలి రక్తమంతా పోయిందట. బి నెగటివ్.

"రెండుసార్లు లేదనింది సుభాషిణమ్మా. ఇంగ నిన్ను బండబూతులు తిట్టబోతాంటే మూడోసారి ప్రొద్దుటూరులో రెండుండాయని చూపించింది. ఇప్పుడే కండ్లు తెరిచినాడు. తెరిచి మొదటి మాట ఏం అడిగినాడో తెలుసునా? ఎవురు గెలిచినారని! వీనికా రక్తం ఎక్కించింది అనిపించింది నాకు."

నవ్వాను. కుర్చీలో కూలబడి, ఏడుస్తూ నవ్వాను. ఆమె పెట్టేయగానే మళ్ళీ ఫోను మోగింది.

అవతల సర్వరు మూలుగు వినబడుతోంది.

"మునెయ్యా? చెప్పప్పా."

"అక్కా, లేనని చెప్పినానక్కా. రెండుసార్లు చెప్పినా. ఒగసారి భయమేసి తుడిపేసినా. మళ్ళీ చెప్పినా."

"చూసినా మునెయ్యా. అంతా చూసినా."

"ఎవురన్నా సచ్చిపోయినారా అక్కా?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"లేదు నాయనా. ఎవురూ సావలేదు. నువ్వు చెప్పబట్టే ఒక మనిషి బతికినాడు."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"ఇంగోసారి చెప్పక్కా," అన్నాడు.

ఇంకోసారి చెప్పాను.